ఏ సాంబ్రాణి?

అరియాంకుప్పంలో శుక్రవారం సాయంత్రం ఏ వీధిలో నడిచినా సాంబ్రాణి వాసన ఎదురొస్తుంది. బదిలీల మీద బదిలీలతో ఇక్కడికి చేరిన నాకు ఈ ఊళ్లో మొదట చుట్టంలా పలకరించిన మాట అదే. తెలుగులోనూ తమిళంలోనూ అది సాంబ్రాణే.

ఈమధ్య ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "సార్, సాంబ్రాణిలో కీళ్లనొప్పుల మందు ఉందని ఫోన్‌లో వచ్చింది. మా పాట్టి మోకాళ్ల కోసం రోజూ తలుపులు మూసి పొగ వేస్తున్నారు. తమ్ముడికేమో ఒకటే దగ్గు. మందైతే దగ్గు ఎందుకొస్తుంది?"

నేను చెప్పేది తెలుగు, సైన్సు కాదు. అయినా ఇందులో సగం చిక్కు భాషదేనని నా అభిప్రాయం.

చెట్టుకు గాయమైనచోట ఊరి గట్టిపడే రసం ఇది. పురుగూ బూజూ చొరబడకుండా చెట్టు పెట్టుకునే కాపలా. కాబట్టి అందులో మందు వెతకడం తెలివితక్కువ పనేమీ కాదు. అయితే ఏ చెట్టు రసంలో? అసలు సాంబ్రాణి సుమత్రా వైపు పెరిగే స్టైరాక్స్ చెట్టుది. బెంజోయిక్ ఆమ్లానికి ఆ పేరు దాని నుంచే వచ్చింది. ఇంట్లో సాస్ సీసా మీద 'సోడియం బెంజోయేట్' అని ఉందేమో చూడండి, బూజు పట్టకుండా వేసేది అదే. గుగ్గిలం సాల చెట్టుది. గుగ్గులు రాజస్థాన్, గుజరాత్ మెట్టనేలల్లోని ముళ్లపొదది. ఫోన్‌లో వచ్చిన కీళ్లనొప్పుల మాట వీటిలో దేనిదీ కాదు, మన అడవుల్లోని అందుగు చెట్టుది. దాని బంకలో బోస్వెల్లిక్ ఆమ్లాలుంటాయి. మోకాళ్లు అరిగిన 75 మందికి ఏలూరులో 90 రోజులపాటు, కొందరికి అందుగు సారం, కొందరికి మందు లేని మాత్రలు ఇచ్చి చూశారు. సారం వేసుకున్నవాళ్లకు నొప్పి బాగా తగ్గిందని 2008లో ప్రకటించారు. పరిశోధకుల్లో ఆ సారం తయారుచేసే విజయవాడ సంస్థవారూ ఉన్నారు, రోగుల సంఖ్యా చిన్నదే, ఆ సంగతి మరవకూడదు. ఏదేమైనా వాళ్లు వేసుకున్నది మాత్ర. ఎవరూ పొగ పీల్చలేదు.

గుగ్గులు కథ ఇంకా ఆసక్తికరం. సుశ్రుత సంహితలోని మాటను పట్టుకుని 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి గారు కుందేళ్ల మీద పరీక్షించారు. రక్తంలో కొవ్వు తగ్గింది. తర్వాత మన దేశంలో అది మందుగానూ వచ్చింది. 2003లో అమెరికాలో మనుషుల మీద పరీక్షిస్తే చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది! పాత గ్రంథాన్ని నమ్మి పరీక్షకు పెట్టినవారూ, ఆ ఫలితాన్ని మళ్లీ పరీక్షించినవారూ నాకు సమానంగా గౌరవనీయులే. పేరు సరిగా చూడకుండా సందేశాన్ని పదిమందికి పంపేవాళ్ల మీదే నా కోపమంతా.

ఆ అమ్మాయితో కిటికీలు తెరవమని, తమ్ముణ్ణి డాక్టరుకు చూపించమని, పాట్టి మోకాళ్ల సంగతీ అక్కడే అడగమని చెప్పాను. సాంబ్రాణి పెట్టె ఒకటి క్లాసుకు తెమ్మన్నాను. మర్నాడు తెచ్చింది. అందరం కలిసి చదివాం. బొగ్గుపొడి, రంపపుపొట్టు, సువాసన ద్రవ్యం. చెట్టు పేరు ఒక్కటీ లేదు.