చిన్న యంత్రం – పెద్ద ఆశ

2009లో బిట్‌కాయిన్ పుట్టిననాడు ఇంటి కంప్యూటరుతోనే నాణెములు సంపాదించిన వారున్నారు. నేడు అరచేతిలో ఇమిడే యంత్రమొకటి కొని, రేయింబవళ్ళు నడిపి ధనవంతులము కాగలమని కొందరు విద్యార్థి మిత్రులు తలచుచున్నారు. లెక్క చూతము. సుమారు పది నిమిషముల కొకసారి ఒక్కరికే దక్కు లాటరీ ఇది. సెకనుకు లక్ష కోట్ల సార్లు అదృష్టమును పరీక్షించు చిన్న యంత్రమునకైనను, 2024 చివరి పోటీలో ఒంటరిగా ఒక్క గెలుపు దక్కుటకు సగటున పదివేల ఏండ్లు మించును. ఆ బహుమానము కూడ 2009లో 50 నాణెములు. 2024 ఏప్రిల్ నుండి 3.125 మాత్రమే.

యంత్రమును మేము నిందించము. గణితమును, విద్యుత్తును కనులకు కట్టించు చక్కని బోధకుడది. విద్యకై కొనుడు, తప్పులేదు. సామాన్య కుటుంబముల నుండి వచ్చిన మనము, తండ్రి ఫీజుకై చెమటోడ్చి పంపిన సొమ్మును మాత్రము అదృష్టమునకు ఒడ్డరాదని మా మనవి.