మొలలే అని ఎవరు చూశారు?

దొడ్డికి వెళ్లినప్పుడు నెత్తురు పడిందంటే మన ఇళ్లలో రోగం పేరు తేలడానికి నిమిషం చాలు: వేడి చేసింది. మొన్న తిన్న కోడికూరదో, ఆవకాయదో తప్పు. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, రెండు పూటలా మజ్జిగన్నం. నాలుగు రోజులకు నెత్తురు ఆగుతుంది, మజ్జిగకు పేరొస్తుంది. మధ్యలో ఎవరైనా మొలల ఉంగరం తొడిగించి ఉంటే ఆ ఘనత ఉంగరానిది.

కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది. మొలల నెత్తురు దానంతటదే వస్తుంది, పోతుంది. పెద్దపేగులో పుట్టిన కంతి కూడా కొన్నాళ్లు కారి, కొన్నాళ్లు ఊరుకోగలదు. ఏమీ చేయకపోయినా ఆగేది, ఏం చేసినా దానివల్లే ఆగినట్టుంటుంది. ఈ ఒక్క రోగానికి ఇన్ని గ్యారంటీ మందులు ఉండటం ఊరికే కాదు. పైగా మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదన్న నియమమేమీ లేదు. బయటికి తగిలే మొల మీద నేరం మోపి లోపలిదాన్ని వదిలేస్తాం. ‘ఆపరేషన్ లేకుండా మొలలు మాయం’ అని గోడల మీద రాయించేవాణ్ణి అడగాల్సింది ఒక్కటే: మొలలే అని ఎవరు చూశారు?

చూసే దారి ఉంది. కొలనోస్కోపీ అంటే వేలి లావు గొట్టం, కొసన కెమెరా. సుమారు ఐదడుగుల పెద్దపేగును చివరిదాకా చూస్తుంది. ముందురోజు పొడి కలిపిన ఉప్పటి నీళ్లు లీటర్లకొద్దీ తాగి, విరేచనం పసుపు నీళ్లలా తేటగా వచ్చేదాకా తిరగడమే అసలు బాధ. పరీక్ష మత్తులో అరగంటకు అటూఇటూగా ముగుస్తుంది. 1969లో న్యూయార్క్‌లో వోల్ఫ్, షిన్యా అనే వైద్యులు ఈ గొట్టంలోంచే తీగ ఉచ్చు పంపి, పొట్ట కోయకుండా పాలిప్‌ను, అంటే పేగు లోపలి గోడ మీద పుట్టే చిన్న కంతిని, తీసేశారు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఆ పదేళ్లలో ఎన్నిసార్లు ‘వేడి’ చేసి ఉంటుందో!

కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని, ముక్క పరీక్ష వద్దని ఇంకో భయం. ముదిరాక వస్తారు, ముక్క తీస్తారు, కొన్ని నెలలకు పోతారు. నింద ముక్క మీద పడుతుంది. 1985 జూలైలో అమెరికా అధ్యక్షుడు రీగన్‌కు కొలనోస్కోపీలో కంతి బయటపడింది. మర్నాడే పేగులో రెండడుగుల మేర కోసి తీసేశారు. అది క్యాన్సరే. ఆయన 2004లో, 93 ఏళ్ల వయసులో పోయారు. ఒక్క మనిషి బతికితే వైద్యం గొప్పదని రుజువైపోదు. కత్తి తగిలితే ఇక అంతే అన్న సూత్రం కూలడానికి మాత్రం ఆ ఒక్కడు చాలు.

అలాగని చుక్క నెత్తురు చూసిన ప్రతివాడికీ ఈ పరీక్ష అక్కర్లేదు. మలబద్ధకంతో ముక్కి చీలిక తెచ్చుకున్న పాతికేళ్ల కుర్రాడికి డాక్టరు వేలితో, చిన్న గొట్టంతో చూస్తే చాలాసార్లు సరిపోతుంది. ప్యాకేజీలో ఉంది కదా అని రాసే ఆసుపత్రినీ ఎందుకని అడగాలి; అరుదుగానైనా పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది. కానీ 45 దాటినవాళ్లకు, బరువు తగ్గుతున్నవాళ్లకు, విరేచనం అలవాటు మారినవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లకు మొలలు కనిపించినా సరే, లోపల చూడాల్సిందే. నెత్తురు కంటికి కనపడకుండా కారి, యాభై దాటిన మగవాడికి హిమోగ్లోబిన్ 8కి పడిపోతే అది ఎటు పోతోందని అడిగేవాడుండడు. దానిమ్మ రసం, ఐరన్ మాత్రలు. రిపోర్టులో అంకె కాస్త పెరుగుతుంది, లోపల కారేది కారుతూనే ఉంటుంది.