రెక్క కాలుతున్నా... దిగింది!

2003 నవంబరు 22. ఇరాక్ రాజధాని బాగ్దాద్ నుంచి ఓ సరకు విమానం బహ్రెయిన్‌కు బయల్దేరింది. డీహెచ్‌ఎల్‌ సంస్థ నడిపే ఎయిర్‌బస్ ఏ300 అది. లోపల ముగ్గురే... ఇద్దరు పైలట్లు, ఓ ఫ్లైట్ ఇంజినీరు. ఎనిమిది వేల అడుగుల ఎత్తుకు చేరిందో లేదో, కింద ఎవరో భుజమ్మీద పెట్టుకుని పేల్చిన క్షిపణి ఎడమ రెక్కను తాకింది. రెక్క అంటుకుంది.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి వచ్చిపడింది. అంత పెద్ద విమానాన్ని చేతి బలంతో తిప్పడం ఎవరి తరమూ కాదు. రెక్కలకూ తోకకూ ఉండే కదిలే పలకలను గొట్టాల్లోని హైడ్రాలిక్ ద్రవం ఒత్తిడితో కదిలిస్తారు. ఒకటి పాడైనా ఇంకోటి ఉండాలని అలాంటి ఏర్పాట్లు మూడు పెట్టారు. ఆ ఒక్క దెబ్బకు మూడూ పోయాయి!

ఇక మిగిలినవి రెండు ఇంజిన్లే. కెప్టెన్ ఎరిక్ జెనోట్ బృందం వాటినే నమ్ముకుంది. రెండింటి వేగమూ పెంచితే విమానం పైకి లేస్తుంది. తగ్గిస్తే దిగుతుంది. ఒకదాన్నే పెంచితే రెండో పక్కకు తిరుగుతుంది. చక్రాలు తమ బరువుకు తామే కిందికి జారేలా ఫ్లైట్ ఇంజినీరు వదిలాడు. అలాగే తిరిగొచ్చి, అనుకున్న రన్‌వే తప్పి పక్కదాని మీద దిగారు. విమానం ఇసుకలోకి దూసుకెళ్లి ఆగింది. ముగ్గురూ క్షేమం.

మరి రెక్క ఎందుకు పేలిపోలేదు? దెబ్బ తగిలిన ట్యాంకు నిండుగా ఉండటమే కారణం. పేలాలంటే ఇంధనం ఆవిరి గాలితో కలవాలి. నిండు ట్యాంకులో అందుకు చోటేదీ? ఖాళీ పెట్రోలు డబ్బాకే ఎక్కువ భయపడాలని మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

అన్ని క్షిపణులూ ఇంత చిన్నవి కావు. భుజమ్మీంచి పేల్చేవాటిలో పేలుడు భాగం కిలో, రెండు కిలోలే. 2014 జులై 17న ఉక్రెయిన్ మీదుగా వెళ్తున్న మలేసియా విమానం ఎంహెచ్17ను కూల్చిన బక్ క్షిపణిలో అది సుమారు 70 కిలోలు. పైగా అది విమానాన్ని తాకక్కర్లేదు. దగ్గరికి రాగానే పేలి, వందలకొద్దీ ఇనుప ముక్కలను వెదజల్లుతుంది. అవి పైలట్ల గదిని జల్లెడ చేశాయి. 33 వేల అడుగుల ఎత్తులో ముందు భాగం ఊడిపోయింది. మిగతాది కాస్త దూరం వెళ్లి గాల్లోనే ముక్కలైంది. 298 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఈ రెండింటికీ మధ్య నిలిచే విషాదం 2024 డిసెంబరు 25న జరిగింది. గ్రోజ్నీకి బయల్దేరిన అజర్‌బైజాన్ విమానం దగ్గర్లో రష్యా క్షిపణులు పేలాయి. అక్కడా హైడ్రాలిక్స్ పోయాయి. పైలట్లు ఇంజిన్ల జోరుతోనే కాస్పియన్ సముద్రం దాటించి, కజకిస్థాన్‌లోని అక్తావ్ దాకా తెచ్చారు. రన్‌వే చేరకుండానే విమానం నేలకూలింది. 67 మందిలో 38 మంది చనిపోయారు. వారిలో పైలట్లిద్దరూ ఉన్నారు. 29 మంది మాత్రం ఇళ్లకు చేరారు.