పెట్టె అడుగున పొట్లం

ఆ మధ్య వేసవిలో ఓ బంగినపల్లి పెట్టె కొన్నాను. కాయలు పైకి పసుపు పూసినట్టున్నాయి. ఇంటికొచ్చి విప్పితే అడుగున ఓ కాగితం పొట్లం, అందులో బూడిదరంగు రాళ్లు. అమ్మ దాన్ని సింకులో పడేసి కుళాయి తిప్పబోయింది.

'అమ్మమ్మా, ఆగు! అది కార్బైడ్!' మేనకోడలు అరిచింది. పదో తరగతి పరీక్షలు రాసి సెలవులకొచ్చిన పిల్ల. హైడ్రోకార్బన్ల పాఠం మార్కుల కోసమేననుకునేవాణ్ని. పక్కనే స్టవ్ మీద పాలు కాగుతున్నాయి మరి!

కాల్షియం కార్బైడ్‌కు నీళ్లు తగిలితే చాలు, అసిటిలీన్ వాయువు బుసబుసా వస్తుంది. సున్నం మిగులుతుంది. గాలిలో ఆ వాయువు రెండున్నర శాతం ఉన్నా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. 1892లో అమెరికాలో థామస్ విల్సన్ అనే ఆయన అల్యూమినియం చవగ్గా తీద్దామని సున్నాన్నీ తారునూ విద్యుత్ కొలిమిలో వేస్తే అనుకోకుండా దక్కిన రాయి ఇది. కొన్నాళ్లు సైకిళ్లకూ గనుల్లోనూ దీపాలై వెలిగింది.

గ్యాస్ వెల్డింగు షాపు ముందు తెల్లటి బురద చూసే ఉంటారు. అది ఈ సున్నమే. వెల్లుల్లి లాంటి వాసన మాత్రం అసిటిలీన్‌ది కాదు, కార్బైడ్‌లోని మలినాల నుంచి పుట్టే ఫాస్ఫీన్‌ది. అసిటిలీన్ బరువులో 92 శాతం కార్బనే. అందుకే మామూలుగా వెలిగిస్తే నల్లటి మసి. ఆక్సిజన్ తోడిస్తే మూడు వేల డిగ్రీలు దాటే మంట!

మరి మామిడికాయకూ దీనికీ ఏమిటి సంబంధం? కాయ పండాలంటే తనలోనే ఇథిలీన్ పుట్టాలి. అందులో కార్బన్ల మధ్య ద్విబంధం, అసిటిలీన్‌లో త్రిబంధం. రెండూ అసంతృప్త హైడ్రోకార్బన్లే, రెండూ బ్రోమిన్ నీటి రంగు పోగొట్టేవే. ఆ పోలికతోనే అసిటిలీన్ కాయను కొంత ఏమారుస్తుంది. కొంతే! తోలు పసుపెక్కుతుంది, టెంక దగ్గర పులుపు అలాగే ఉంటుంది. పైగా కార్బైడ్‌లో ఆర్సెనిక్ జాడలుండొచ్చు. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు దీంతో మాగేయడాన్ని నిషేధించాయి. గదుల్లో మాగేసే వ్యాపారులు ఇథిలీన్ వాయువు వాడుకోవచ్చు, పది లక్షల్లో వంద పాళ్లకు మించకుండా. (ఆ ఇథిలీన్ అణువుల్నే గొలుసుగా కలిపితే పాలిథీన్. పండూ, అది తెచ్చుకునే కవరూ దూరపు చుట్టాలన్నమాట!)

పండ్లు ఇథిలీన్ విడుదల చేస్తాయని రిచర్డ్ గేన్ రుజువు చేసింది 1934లో. వరిగడ్డిలో కాయలు మాగేసిన మన ముసలమ్మలకు ఆ పేరు తెలీదు. కానీ గడ్డి చేసే పని అదే, వెచ్చగా ఉంచి ఆ వాయువును బయటికి పోనివ్వకపోవడం.

'మామయ్యా, నేను చూపిస్తా' అని పిల్ల ఉత్సాహపడింది కానీ, ఆ పొట్లాన్ని నేనే డాబా మీదికి తీసుకెళ్లి, ఒక్కో రాయీ బకెట్ నీళ్లలో వేశాను. బుసలు తగ్గాక తెల్లటి తేట మిగిలింది. అమ్మ చిటికెడు పసుపు వేసింది. ఎర్రబడింది.

'సున్నమేనే!' అంది మనవరాలితో. పండ్లు మాత్రం ఎవరం తినలేదు.