నేపాల్: విప్లవం తర్వాత సీట్ల లెక్క

2006 ఏప్రిల్‌లో 19 రోజుల జనాందోళన నేపాల్ రాజు మెడలు వంచింది. 2008లో రాచరికం రద్దయింది. మావోయిస్టు నేత ప్రచండ సంకీర్ణ ప్రభుత్వం ఏర్పాటు చేసి, సైన్యాధిపతి తొలగింపు గొడవలో తొమ్మిది నెలలకే రాజీనామా చేశారు. ఆ మంత్రి పదవుల పంపకం కన్నా మనం చూడాల్సిన లెక్క వేరే ఉంది.

601 మంది రాజ్యాంగ సభలో 335 సీట్లు దామాషా పద్ధతివి. పార్టీల జాబితాల్లో దళితులకు 13 శాతం వాటా ఉండేది. అందుకే సుమారు 50 మంది దళితులు సభలో అడుగుపెట్టారు. 2015 రాజ్యాంగం 275 సీట్ల ప్రతినిధుల సభలో దామాషాకు మిగిల్చింది 110. మిగతా 165 నేరుగా గెలవాలి. మనకున్నట్టు రిజర్వుడు నియోజకవర్గాలు అక్కడ లేవు మరి, దళితులకు టికెట్ ఇచ్చేదెవరు? కాంగ్రెస్, యూఎంఎల్‌తో పాటు మావోయిస్టులూ ఈ రాజ్యాంగానికి ఓటేశారు.