బాపు కారుకు కవర్ తీసేశాను

సూరత్ పర్వత్ పాటియాలో ఉండేవాళ్లకు వాన కన్నా ఖాడీ (వాగు) అంటే భయం. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్లు వదిలినప్పుడు తాపీ పొంగి సూరత్ మునిగిన సంగతి దేశమంతా విన్నది. మా వైపు అంత పెద్ద వరదే రానక్కర్లేదు. తాపీ నిమ్మళంగా ఉన్న ఏడు కూడా మీఠీ ఖాడీ పొంగిందంటే నీళ్లు గల్లీల్లోకి, అక్కణ్నుంచి సెల్లార్లలోకి వస్తాయి. 2025 జూన్ చివరి వారంలో అదే జరిగింది.

రాత్రి ఒంటిగంటకు వాచ్‌మన్ బెల్లు కొట్టాడు. అప్పటికే బిల్డింగ్‌లోవాళ్లు స్కూటీలు, కార్లు తీసుకెళ్లి మెరక మీద, ఫ్లైఓవర్ వారన పెట్టేసుకున్నారు. సెల్లార్‌లో మిగిలింది ఒక్కటే, మా బాపు కారు. బూడిదరంగు కవర్ కింద, నాలుగు ఇటుకల నడుమ, బ్యాటరీ వైరు ఊడదీసి ఉంది. టార్చి నోట్లో పట్టుకుని వైరు తగిలించి తాళం తిప్పాను. చిన్న చప్పుడు కూడా రాలేదు. నీళ్లు చీలమండ దాటాయి. పై అంతస్తు మార్వాడీ ఆయన, కింద గదుల్లో ఉండే ఇద్దరు ఒడియా కారీగర్లు, మా పద్మశాలీ పిల్లలు ఇద్దరు కలిసి ర్యాంపు మీదికి తోశారు. ఫైబర్ బాడీ కాబట్టి తేలిక, తోస్తే వచ్చింది. అప్పటికే లోపలి కార్పెట్ తడిసిపోయింది. ఆ బురద వాసన దీపావళి దాకా పోలేదు.

ఆ రాత్రి మా బిల్డింగ్‌లో అందరికన్నా జాగ్రత్తగా దాచిన బండి అదే. తనంతట తాను కదలలేకపోయిన బండీ అదే. ఎండెక్కాక దాన్ని రోడ్డు పక్కన చూస్తుంటే, రెండేళ్లుగా నేను చేస్తున్న పని తప్పని నాకు తేలిపోయింది. ఆ మాట నాలాంటివాళ్లు ఇంకా ఉంటారనే ఇక్కడ రాస్తున్నాను. తండ్రి స్కూటరో, తాత అంబాసిడరో, మేనమామ ఆర్‌ఎక్స్ హండ్రెడో ఇంట్లో ఉండి, దాన్ని నడపాలా దాచాలా అని తేల్చుకోలేనివాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు.

మా కారు పేరు శాన్ స్టార్మ్. చాలామంది విని ఉండరు. మన దేశంలోనే, గోవాలో తయారైంది. ఈ మోడల్ 1998లో వచ్చింది. ఇద్దరే కూర్చునే, పైకప్పు తీసేయగల చిన్న స్పోర్ట్స్ కారు. ఫ్రాన్స్ రెనో వాళ్ల 1149 సీసీ పెట్రోలు ఇంజను, అరవై హార్స్ పవర్. ఇప్పటి మామూలు కార్లు దీన్ని సులువుగా దాటిపోతాయి. నేలకు ఆనుకుని కూర్చుని, నెత్తిన ఆకాశం పెట్టుకుని పోతుంటే మాత్రం అరవై కిలోమీటర్ల వేగం కూడా నూరులా ఉంటుంది.

బాపు సిరిసిల్ల నుంచి 1978లో సూరత్ వచ్చాడు. లింబాయత్‌లో రాత్రి పాళీలో సాంచెలు (మరమగ్గాలు) నడిపాడు. పదిహేను రోజులకోసారి పగారు, ఒక్క గదిలో ఎనిమిది మంది. 1996 నాటికి పన్నెండు సాంచెల సొంత ఖాతా (షెడ్డు) పెట్టుకున్నాడు. 2004లో నూలు బాకీ కట్టడానికి ముంబై వెళ్లి, ఆ వ్యాపారి ఇంటి ముందు ఈ ఎర్ర కారు చూశాడు. వాళ్ల అబ్బాయి అమ్మేస్తున్నాడని తెలిసింది. 2,10,000 రూపాయలు పెట్టి కొనుక్కొచ్చాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. ఆ డబ్బుతో బంగారం కొనాలన్నది ఆమె మాట.

సాంచెల మోతలో బాపు చెవులు సగం పోయాయి. ఇంజను చప్పుడు ఆయనకు సరిగ్గా వినపడేది కాదు. ఎడమ చెయ్యి గేర్ రాడ్డు మీద ఆనించి ఉంచేవాడు. అరచేతికి అందే వణుకును బట్టి ఎప్పుడు గేరు మార్చాలో తెలుసుకునేవాడు. నడుస్తున్న సాంచె చెక్క మీద చెయ్యి వేసి ఎక్కడ వదులైందో చెప్పగలిగిన మనిషి ఆయన. నాకు డ్రైవింగ్ నేర్పినప్పుడు కూడా నా చేతి మీద తన చెయ్యి పెట్టి, "ఇప్పుడు చూడు బిడ్డా, గిప్పుడు" అన్నాడు. ఇప్పటికీ నేను మీటర్ చూసి గేరు మార్చను.

2023లో ఆయన పోయాడు. ఫారం 31, వారసుల అఫిడవిట్, అమ్మ సంతకం, తమ్ముడి సంతకం అన్నీ పెట్టి బండి నా పేరుకు మార్చుకున్నాం. తమ్ముడు సంతకం చేస్తూ ఒక మాట తీసుకున్నాడు. దాన్ని నడపకూడదు, కాపాడాలి. అతనికి తెలిసిన, పాత కార్లు సేకరించే ముంబై కలెక్టర్ ఒకాయన ఆరున్నర లక్షలు ఇస్తానన్నాడట. మీటర్ మీద అరవై ఒక్క వేలే ఉంది, ప్రతి కిలోమీటరూ ధర తగ్గిస్తుంది, పదేళ్లు ఆగితే ఇంకా పెరుగుతుంది అన్నాడట. "ఇది బండి కాదక్కా, ఆస్తి" అన్నాడు తమ్ముడు. అతని మాటలో దురాశ లేదు. బాపు జ్ఞాపకం చెడిపోకూడదన్నదే అతని తాపత్రయం. నేనూ కవర్ కొన్నాను.

నేను రింగ్ రోడ్డు మార్కెట్లో గ్రే బట్ట వ్యాపారుల లెక్కలు రాస్తాను. కాబట్టి ఆస్తి అన్న మాటను లెక్క కట్టే చూశాను. 2004లో పది గ్రాముల బంగారం ఆరు వేల లోపే. బాపు పెట్టిన 2,10,000కు మూడు వందల గ్రాములకు పైనే వచ్చేది. 2025లో పది గ్రాములు లక్ష దాటింది. అంటే అమ్మ మాట విని ఉంటే ఆ సొమ్ము ఇవాళ ముప్పై లక్షల పైమాట. కారుకు వస్తానన్నది ఆరున్నర లక్షలు. ఇరవై ఏళ్ల బీమా, టైర్లు, రిపేర్లు అందులోంచి తీసేస్తే మిగిలేది ఎంత? డబ్బు పెరగాలనుకున్న మనిషి ఆ రోజు చేయాల్సిన పని బాపుకు తెలియక కాదు. పన్నెండు సాంచెలు పైసా పైసా కూడబెట్టి నిలబెట్టినవాడు. ఆయన గాలి కోసం ఆ కారు కొన్నాడు. ఇరవై ఆరేళ్లు రేకుల షెడ్డులో, మూసిన కిటికీల మధ్య, దూది నుసి పీల్చిన మనిషి నెత్తి మీద కప్పు లేకుండా ఒక గంట తిరగాలనుకున్నాడు. ఆయన కొన్నది ఆ గంటను. దాన్ని కవర్ కింద పెట్టి ఆయన ఆస్తిని కాపాడుతున్నానని నేను ఎలా అనగలను?

సూరత్‌కు ఇలాంటి కథ ఒకటి ముందే ఉంది. బ్రాడ్‌మన్ 29 సెంచరీలను అందుకున్నందుకు 2002లో సచిన్‌కు ఫెరారీ 360 మోడెనా బహుమతిగా వచ్చింది. రేసర్ షూమేకర్ చేతుల మీదుగా తాళాలు అందాయి. దిగుమతి సుంకం మాఫీ మీద పెద్ద రగడే జరిగింది. 2011లో ఆ కారును సూరత్ వ్యాపారి ఒకరు కొన్నారు. మరుసటి ఏడాది వచ్చిన హిందీ సినిమా ఫెరారీ కీ సవారీలో కనపడే ఎర్ర కారు అదే. సచిన్ చెయ్యి పడ్డ బండి కదా అని గాజు పెట్టెలో పెట్టి ఉంటే, అంతమంది పిల్లలు అది రోడ్డు మీద పరుగెత్తడం చూసేవాళ్లా?

మన హైదరాబాద్‌లో ఇంకో రకం ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రోల్స్ రాయిస్, 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం చేయించుకున్నాడు, అది చేతికి రాకముందే పోయాడు. దశాబ్దాలలో నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదని చెబుతారు. నేను వెళ్లి చూశాను. చాలా అందంగా ఉంది. దాని ముందు నిలబడితే నాకు ఎవరి గురించీ ఏమీ గుర్తు రాలేదు. దాని సీటులో ఎవరి ఒళ్లూ పడిన గుంట లేదు. మా స్టార్మ్‌లో డ్రైవర్ సీటు ఎడమ అంచు నలిగి ఉంటుంది, బాపు దిగేటప్పుడు అక్కడ మోచెయ్యి ఆనించేవాడు. కలెక్టర్ మనిషి ఫోటోలు చూసి ఆ సీటు తోలు మార్చేస్తే ఇంకో ఇరవై వేలు పలుకుతుందన్నాడట. నా మనసు విరిగింది ఆ మాట దగ్గరే.

మ్యూజియాలు వద్దని నేననను. అహ్మదాబాద్ దగ్గర కఠ్‌వాడాలో ప్రాణ్‌లాల్ భోగీలాల్ సేకరించిన వందకు పైగా కార్లు ఉన్నాయి. అక్కడ వాటిని నలుగురూ చూస్తారు, చూసుకునే మెకానిక్కులు ఉంటారు. ప్రపంచంలో ఒకటో రెండో మిగిలిన బండిని రోజూ ట్రాఫిక్‌లోకి తేవాలని ఎవరూ అడగరు. అయినా ఇంగ్లండులో పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ డ్రమ్మర్ నిక్ మేసన్ తన 1962 ఫెరారీ 250 జీటీఓను రేసుల్లో నడిపాడు. అలాంటిదే ఇంకో కారు 2018 వేలంలో 4.8 కోట్ల డాలర్లు దాటి పలికింది. కోట్ల డాలర్ల బండినే రేసులో దింపగలిగినప్పుడు ఆరున్నర లక్షల బండికి నా భయం ఏమిటి? సెల్లార్‌లో కవర్ కింద ఉన్నదాన్ని చూసేవాళ్లు లేరు, నడిపేవాళ్లు లేరు. ఎలుకలకు మాత్రం ఇల్లయింది. రెండు వైర్లు కొరికాయి.

యంత్రం సంగతి సాంచెల మధ్య పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆరు నెలలు ఆగిన సాంచెను మళ్లీ నడపాలంటే కొత్తదాన్ని బిగించినంత పని. కారూ అంతే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తడిని లాక్కుంటుంది, లోపల పిస్టన్లు బిగుసుకుపోతాయి. టైరు ఒకేచోట ఆని ఉండి అక్కడ చదునవుతుంది. ఆయిల్ తగలని సీళ్లు ఎండి పగుళ్లు వస్తాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత బండ్ల రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంచితే ఏమవుతుందో మా మెకానిక్ ఫిల్టర్ విప్పి చూపించాడు. అడుగున గోధుమరంగు జిగురు. వరద రాత్రి బ్యాటరీలో ప్రాణం లేకపోవడమే ఒక రకంగా మా అదృష్టమన్నాడు. నీళ్లు తాగిన ఇంజనును తిప్పితే రాడ్లు వంగిపోతాయి, మామూలు బీమా ఆ నష్టానికి డబ్బు ఇవ్వదు.

అమ్మ పెళ్లి పట్టుచీర గుర్తొచ్చింది నాకు. సూరత్ అంటే జరీకి పేరు. వెండి తీగకు బంగారు పూత వేసే పని ఇక్కడ తరాల నుంచి ఉంది. అమ్మ ఆ చీరను బీరువాలో మడత పెట్టింది పెట్టినట్టే ఉంచింది. 2019లో మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు తీస్తే మడతల వెంట, కత్తితో గీసినట్టు, చీలిపోయి ఉంది. కట్టుకున్న చీరలు చిరగడం చూశాం, కట్టని చీర అట్లా చిరగడం అమ్మ మొదటిసారి చూసింది. పాత జరీ కొనేవాడు వచ్చి కాల్చి వెండి తూకం వేస్తానన్నాడు. అమ్మ ఇవ్వలేదు. ఆ చీర ముక్కతో అమ్మాయికి జాకెట్టు కుట్టించింది. అది వేసుకుని అమ్మాయి ఇప్పుడు ప్రతి బతుకమ్మకీ లింబాయత్‌లో ఆడుతుంది.

చట్టం కూడా నన్ను తొందర పెడుతోంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. అట్లా నమోదైతే రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. మా బండికి ఆ వయసు 2049లో వస్తుంది. అప్పుడు ఎవరైనా ముచ్చటగా దాచుకోవచ్చు. 2024లో రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు పొడిగించుకున్నాను, ఫీజు 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఇప్పుడది 10,000 చేశారు. ఆ డబ్బు రోడ్డు మీద తిరిగే హక్కు కోసం కట్టేది. సెల్లార్‌లో నిలబెట్టడానికి కట్టడం నా లెక్కల పుస్తకంలో దండగ పద్దు.

తమ్ముడికి ఈ లెక్కంతా ఫోన్‌లో చెప్పాను. అతను వెంటనే ఒప్పుకోలేదు. ఎవడైనా గుద్దితే ఏం చేస్తావన్నాడు. గుద్దవచ్చు. అందుకే రింగ్ రోడ్డుకు తీసుకుపోను, వానలో తీయను, రాత్రి నడపను. ఆదివారం పొద్దున ఆరింటికి బయలుదేరి కడోదరా మీదుగా బార్డోలీ దాకా పోయి వస్తాను. చలికాలంలో రెండు పక్కలా చెరకు తోటల మీద మంచు ఉంటుంది, బెల్లం వండే వాసన వస్తుంది. పైకప్పు తీసిన కారులోకి ఆ వాసన మొత్తం వస్తుంది. బాపు అక్కడికి రాగానే వేగం తగ్గించేవాడు. బార్డోలీలో పాత్రా (చేమాకు చుట్టలు) తిని, అమ్మకు పొట్లం కట్టించుకుని తొమ్మిదింటికి ఇంట్లో ఉంటాను. వారానికి ఆ డెబ్బై కిలోమీటర్లు చాలు, బండికీ నాకూ.

అరవై ఒక్క వేల దగ్గర రెండేళ్లు ఆగిన మీటర్ ఇప్పుడు అరవై రెండు వేల మూడు వందలు దాటింది. కలెక్టర్ మనిషి మళ్లీ ఫోన్ చేసి మీటర్ ఎంత ఉందని అడిగాడు. చెప్పాను. అయితే ఆరు లక్షలే అన్నాడు. సరే అని పెట్టేశాను. బ్రేక్ పైపులు నాలుగూ మార్చాలి, పెట్రోలు పైపు ఇథనాల్‌ను తట్టుకునే రకానిది వేయించాలి, మెకానిక్ పధ్నాలుగు వేలు అవుతుందన్నాడు. మృగశిర కార్తె లోపల ఆ పని అయిపోవాలి. ఖాడీ పొంగినా ఈసారి తాళం తిప్పగానే ర్యాంపు ఎక్కాలి అది.