పాత జీపు కొనే ముందు



పాత వస్తువుల మీద మమకారం మనలో చాలామందికి ఉంటుంది. ఒకరు తాతగారి నాటి గోడ గడియారాన్ని బాగు చేయించి ముందు గదిలో తగిలించుకుంటారు. ఒకరు మూలపడిన రేడియోను తుడిచి దాచుకుంటారు. కొందరికి పాత జీపు మీద మనసు పోతుంది. పిల్లల చదువులు అయిపోయాయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి, చిన్ననాడు బి.డి.ఓ. గారి జీపు వెనుక దుమ్ములో పరుగెత్తిన ముచ్చట మనసులో అలాగే ఉంది. "ఒక పాత ఫోర్ వీల్ జీపు కొందామనుకుంటున్నాను" అంటాడు ఇంటాయన. "ఆ తుక్కు మనకెందుకండీ!" అంటుంది ఇల్లాలు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అందుకే ఈ నెల ఆ సంగతి మాట్లాడుకుందాం.

పాత జీపు కొనడం తప్పు కాదు. అయితే కొనడం ఒక్క రోజు పని, పోషించడం ఏళ్ల తరబడి పని. పోషించగలిగినవాడికి అది ముచ్చట. పోషించలేనివాడికి ఇంటి ముందు తుప్పు పట్టే అప్పు. ఈ తేడా కొనకముందే తెలుసుకోవాలి.

ఈ బండి ఎక్కడిది?

జీపు యుద్ధంలో పుట్టిన బండి. 1940లో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాలని కంపెనీలను అడిగింది. మొదట నమూనా తయారుచేసి ఇచ్చింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. కాని పెద్ద ఎత్తున తయారుచేసే పని విల్లీస్ కంపెనీకి దక్కింది. ఫోర్డు కంపెనీ కూడా అదే నమూనాలో తయారుచేసింది. యుద్ధం ముగిసేసరికి ఈ రెండు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా బండ్లు చేశాయి. ఇంజను 2.2 లీటర్లది, శక్తి 60 హార్స్ పవర్ మాత్రమే. ఈనాటి చిన్న కార్లలోనే అంతకు మించిన శక్తి ఉన్నవి చాలా ఉన్నాయి. అయినా బురదలో, ఇసుకలో, కొండమీద ఈ జీపు పోయినట్లు అవి పోలేవు.

మన దేశంలో మహీంద్రా సోదరుల కంపెనీ 1940ల చివర బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టింది. తరువాత ఇక్కడే తయారుచేసింది. మనం ఎక్కువగా చూసిన ఎత్తు బానెట్టు జీపు 1953లో అమెరికాలో వచ్చిన సి.జె.3బి అనే నమూనా. అక్కడ 1968లో దాని తయారీ ఆగిపోయినా, మన దేశంలో ఆ రూపం ఎన్నో ఏళ్లు కొనసాగింది. పెట్రోలు ఇంజను పోయి డీజిల్ ఇంజను వచ్చింది గాని ముఖం మారలేదు. వ్యవసాయ శాఖకు, పోలీసులకు, ఆసుపత్రులకు, ఎన్నికల ప్రచారానికి అదే బండి. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి వెళ్లే రాళ్ల దారిలో యాత్రికులను మోసిందీ జీపులే. సైన్యానికి జబల్పూరు ఫ్యాక్టరీలో నిస్సాన్ నమూనాతో తయారైన 'జోంగా' అనే పెద్ద బండి ఉండేది. దాని పెట్రోలు ఇంజను దాదాపు 4 లీటర్లది. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. పెట్రోలు మాత్రం తాగుతూనే ఉంటుంది.

నాలుగు చక్రాల బలం

జీపులన్నీ ఫోర్ వీల్ బండ్లు కావు. వెనుక చక్రాలు మాత్రమే లాగే జీపులు కూడా మన దేశంలో చాలా అమ్ముడయ్యాయి. అమ్మేవారు చెప్పిన మాట విని ఊరుకోవద్దు. వంగి ముందు ఇరుసు చూడండి. వెనుక ఇరుసుకు ఉన్నట్లే దానికీ గుండ్రటి డిఫరెన్షియల్ ఉండాలి. దానిలోకి ఇంజను వైపు నుంచి ఒక షాఫ్టు రావాలి. లోపల మామూలు గేరు రాడ్డు పక్కన ఇంకొకటో రెండో చిన్న రాడ్లు ఉండాలి.

ఆ చిన్న రాడ్లు గేరుబాక్సు వెనుకనున్న ట్రాన్స్‌ఫర్ కేసుకు చెందినవి. ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది. రెండవది 'లో' గేరు వేస్తుంది. 'లో' వేస్తే బండి వేగం సుమారు సగానికి పడిపోతుంది, లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది. పాత విల్లీసు జీపుల్లో ముందు చక్రాలు కలపకుండా 'లో' పడదు. అంత బలమంతా వెనుక ఇరుసు ఒక్కదాని మీద పడితే అది తట్టుకోలేదని అలా చేశారు. భారాన్ని నలుగురూ పంచుకోవాలన్నదే ఈ బండిలోని కిటుకు.

ఒక జాగ్రత్త. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనుక చక్రాలు తక్కువ దూరం తిరుగుతాయి. బురదలోనైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారే వీలు లేదు గనుక ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది, రాడ్డు వెనక్కు రాదు, చివరకు ఏదో ఒకటి విరుగుతుంది. పొలం గట్టు దిగి రోడ్డెక్కగానే ఫోర్ వీల్ తీసివేయడం అలవాటు చేసుకోండి.

ముందు కాగితం, తరువాత ఇంజను

చాలామంది బానెట్టు ఎత్తి ఇంజను శబ్దం విని బయానా ఇచ్చేస్తారు. అది తలకిందుల పద్ధతి. ఇంజను చెడితే మెకానిక్ బాగుచేస్తాడు. కాగితం లేని బండిని ఏ మెకానిక్కూ బాగుచేయలేడు.

ఆర్.సి.లో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద చెక్కిన నంబర్లతో అక్షరం అక్షరం కలవాలి. ఆర్.సి.లో ఉన్న పేరూ, అమ్ముతున్న మనిషీ ఒకరేనా? చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే వారసులందరి సంతకాలు ఉన్నాయా? బండి మీద పాత అప్పు ఏదైనా నమోదై ఉందా? పాత నంబరు కంప్యూటరులో ఎక్కిందా? ఇవన్నీ డబ్బు ఇవ్వకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవలసిన సంగతులు.

సొంత బండి రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లకు ఉంటుంది. తరువాత బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు బండిని పరీక్షించి సరేనంటే ఐదేసి ఏళ్లకు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి జీపు వంటి బండ్లకు ఈ పొడిగింపు రుసుము 5,000 రూపాయలయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో దాన్ని 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు, బీమా వేరే.

50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉన్న బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా 'వింటేజ్' రిజిస్ట్రేషను ఏర్పాటుచేసింది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు. అలా నమోదైన బండిని రోజువారీ పనులకు, కిరాయికి తిప్పకూడదు. సంతకు వడ్లబస్తాలు వేద్దామనుకునేవారికి అది సరిపడదు.

ఇంకొక మాట. వెనుకటి రోజుల్లో ప్రభుత్వ కార్యాలయాల పాత జీపులను వేలంలో కొని నడుపుకునేవారు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషను చెల్లదు, అవి తుక్కుకే పోవాలి. "ఆఫీసు బండి, ఈ మధ్యనే వేలంలో వచ్చింది, కాగితాలు తరువాత చేయించుకోవచ్చు" అని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

అలాగే కొత్త రేకుతో విల్లీసు రూపం కట్టి, పాత జీపు అని అమ్మడం కూడా ఉంది. హర్యానాలోని మండీ డబ్వాలీ వంటి ఊళ్లు జీపులు కట్టే పనికి పేరుపొందాయి. పనివారి నైపుణ్యాన్ని తప్పుపట్టనక్కరలేదు. కాని కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. మెరిసే బండి కంటే నంబర్లు కలిసే మాసిన బండే మేలు.

బండి కింద పడుకుని చూడండి

కాగితాలు సరిపోయాక బండి చూడండి. ఒక పాత గోనె పరచుకుని కిందికి దూరండి. రంగు వేయించడం తేలిక, ఛాసిస్ తుప్పును దాచడం కష్టం. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా మెల్లగా తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మొద్దు శబ్దం వస్తుంది. వెల్డింగు అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. కమాను కట్టల్లో విరిగిన పట్టీలున్నాయా, ముందు చక్రాలను పట్టుకుని ఊపితే కదులుతున్నాయా, స్టీరింగు ఎంత తిప్పితే చక్రం కదులుతోంది - ఇవి చూడండి.

తరువాత బురద నేల మీదికి తీసుకువెళ్లి ఫోర్ వీల్ వేయించండి, 'లో' కూడా వేయించండి. లాగేటప్పుడు రాడ్డు దానంతటదే జారి బయటికి వచ్చేస్తే ట్రాన్స్‌ఫర్ కేసులో అరుగుదల ఉందన్నమాట. పాత జీపు కింద కాస్త ఆయిలు చెమ్మ ఉండడం మామూలే. చుక్కలు చుక్కలుగా పడుతుంటే మాత్రం సీళ్లు మార్చవలసిందే.

పెట్రోలు జీపుకు ఈ రోజుల్లో ఇంకో జాగ్రత్త కావాలి. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని పలుచని రబ్బరు పొర దానికి తట్టుకునేవి కావు. అవి ఉబ్బి, పగిలి కారవచ్చు. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇథనాల్‌కు తట్టుకునే కొత్త గొట్టాలు వేయించండి. నెలల తరబడి బండి ఆపేటప్పుడు ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి.

ఇంట్లో వేయవలసిన లెక్క

ఇప్పుడు అసలు మాట. ఒక సాయంత్రం భార్యాభర్తలిద్దరూ కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోండి. ఒక వరుసలో బండి ధర రాయండి. కింద పేరు మార్పు, రిజిస్ట్రేషను, పన్ను, బీమా రాయండి. దాని కింద టైర్లు ఐదు, బ్యాటరీ, బ్రేకులు, సీళ్లు, వైరింగు రాయండి. పాత బండికి ఇవి ఒక్కసారైనా తప్పవు. ఆఖరున ఏడాదికి అయ్యే రిపేర్లు రాసి, అన్నీ కూడండి. ఆ మొత్తం అప్పు చేయకుండా, పిల్ల పెళ్లికి దాచిన దానిలో చెయ్యి పెట్టకుండా, పంట పెట్టుబడి ముట్టకుండా వస్తుందా? వస్తే కొనండి. రాకపోతే రెండేళ్లు ఆగండి. ఇన్నేళ్లు ఆగిన జీపు ఇంకో రెండేళ్లు ఆగుతుంది.

ఇల్లాలి అనుమతి లేకుండా కొన్న బండి ఎంత బాగా నడిచినా ఆ ఇంట్లో సుఖంగా నడవదు. ప్రతి స్పేర్ పార్టుకూ ఒక అబద్ధం చెప్పవలసి వస్తుంది. అది జీపు ఖరీదు కంటే ఎక్కువ ఖరీదు. ఇద్దరూ కలిసి వేసిన లెక్క ప్రకారం కొంటే, ఎప్పుడైనా దారిలో ఆగిపోయినా ఇద్దరూ నవ్వుకోగలరు.

పిల్లల క్షేమం కూడా ఈ లెక్కలో చేరాలి. పాత జీపులో సీటు బెల్టులు లేవు, తలుపులు ఉండవు, పాతవాటి బ్రేకులు ఈనాటి కారు బ్రేకుల్లా పట్టవు. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ గనుక వేగంగా మలుపు తిప్పితే పల్టీ కొడుతుంది. వెనుక పదిమందిని ఎక్కించి, పక్కన నలుగురు వేలాడుతూ పోయిన రోజులను మెచ్చుకోవద్దు. ఆ జీపుల కింద పోయిన ప్రాణాలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. ఉన్న సీట్లకు మించి ఎక్కించకండి. నిదానంగా నడపండి. పెద్ద రోడ్ల మీద రాత్రి ప్రయాణం వద్దు.

ఆనందం ఎక్కడుంది?

ఇంత చెప్పాక "మరి ఈ బండిలో సుఖమేముంది?" అని అడుగుతారు. ఉంది. ఈనాటి కారు చెడితే కంప్యూటరు తగిలించి చూడాలి. పాత జీపు చెడితే ఎక్కడ చెడిందో కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. నాలుగు స్పానర్లు, ఒక గ్రీజు గన్ను ఉంటే ఇంటి దగ్గరే సగం పనులు చేసుకోవచ్చు. తండ్రి బోల్టు విప్పుతుంటే కొడుకు దీపం పట్టుకుంటాడు. ఏది ఎందుకు తిరుగుతుందో అడుగుతాడు. కూతురు పాయింట్లు శుభ్రం చేయడం నేర్చుకుంటుంది. ఒకే ఇంట్లో ఉంటూ ఎవరి ఫోను వారు చూసుకునే ఈ రోజుల్లో, నలుగురూ ఒక పని చుట్టూ చేరడం చిన్న సంగతి కాదు.

మన చుట్టుపక్కల పాత జీపు పని తెలిసిన మేస్త్రీలు ఇంకా కొందరున్నారు. చెవితో విని జబ్బు చెప్పగలిగినవారు. వారి షెడ్లకు ఇప్పుడు పనులు తగ్గాయి. మీ బండి అక్కడికి వెళ్లితే వారికి నాలుగు రోజుల కూలి, గౌరవం రెండూ దక్కుతాయి. పిల్లలను వెంట తీసుకువెళ్లండి. ఆ విద్య పుస్తకాల్లో దొరకదు.

వర్షాకాలంలో చేను దారి బురదయినప్పుడు ఫోర్ వీల్ వేసి, 'లో'లో, నడిచే మనిషి వేగంతో బండి గట్టెక్కుతుంటే కలిగే తృప్తి వేరు. పొరుగింటి ట్రాలీ దిగబడితే తాడు కట్టి లాగవచ్చు. కాన్పు నొప్పులు పడుతున్న తల్లిని రోడ్డు దాకా చేర్చవచ్చు. అటువంటి వేళ సెల్ఫ్ కొట్టగానే బండి కదలాలంటే మాత్రం, అంతకు ముందు ఎన్నో ఆదివారాల సాయంత్రాలు దానికి గ్రీజు కొట్టి ఉండాలి, బ్యాటరీలో నీళ్లు చూసి ఉండాలి. పాత బండి అవసరానికి అందుతుందా లేదా అన్నది దాని వయసును బట్టి కాదు, మన చేతిని బట్టి ఉంటుంది.